ఆ సోమవారం తర్వాత ఏమైంది: ‘రివర్‌డేల్’ మూడో సీజన్‌లోని ‘ద మిడ్‌నైట్ క్లబ్’ ఎపిసోడ్

జాన్ హ్యూస్ 1985లో తీసిన ‘ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’లో, శిక్షగా ఒక శనివారం బడికి వచ్చిన ఐదుగురు విద్యార్థులు బడి గ్రంథాలయంలో నేల మీద కూర్చుని మాట్లాడుకునే సుదీర్ఘమైన సన్నివేశం ఒకటి ఉంది. ఆ మాటల మధ్య వాళ్లను రెండు ప్రశ్నలు వేధిస్తాయి. ఈ శనివారం ఇంత దగ్గరైన మనం సోమవారం బడిలో ఎదురుపడితే పలకరించుకుంటామా అన్నది మొదటిది. పెద్దయ్యాక మనమూ మన తల్లిదండ్రుల్లాగే తయారవుతామా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు క్లెయిర్ అనే అమ్మాయి మొహమాటం లేకుండా లేదనే అంటుంది, ఆ జవాబుకు మిగిలినవాళ్లు నొచ్చుకుంటారు. రెండో ప్రశ్న గాలిలోనే ఉండిపోతుంది. సినిమా అదే శనివారం సాయంత్రం ముగుస్తుంది కాబట్టి ఆ పిల్లల సోమవారం ఎలా గడిచిందో, వాళ్లు ఎలాంటి పెద్దలయ్యారో మనకు తెలియదు.

ఆ సినిమా వచ్చిన ముప్పై మూడేళ్లకు, 2018 నవంబరులో ప్రసారమైన ‘రివర్‌డేల్’ మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్ ‘ద మిడ్‌నైట్ క్లబ్’ ఈ రెండు ప్రశ్నలనూ చేతిలోకి తీసుకుని జవాబు చెప్పడానికి పూనుకుంది. ఎనభైల నాటి సినిమాలకు నివాళి అనగానే సాధారణంగా కనిపించేవి ఉబ్బెత్తు జుట్టు, రంగురంగుల దుస్తులు, సింథసైజర్ సంగీతం. ఈ ఎపిసోడ్‌లోనూ వేషభాషల ముచ్చట ఉంది కానీ నాకు ఇది నచ్చింది అందువల్ల కాదు. పాత సినిమా అడిగి వదిలేసిన మాటను పట్టుకుని, దాన్ని ఒక తల్లి నోట కూతురికి చెప్పించడం వల్ల నచ్చింది. అందులో పూర్తిగా సఫలమైందని అనలేను. ఎక్కడ నిలబడింది, ఎక్కడ తడబడింది అన్నది వివరంగా రాస్తాను. కథలోని ముఖ్యమైన మలుపులు చెప్పకుండా ఆ పని సాధ్యం కాదు కాబట్టి, ఏమీ తెలియకుండా చూడదలచినవారు ముందు ఎపిసోడ్ చూసి తర్వాత ఈ సమీక్ష చదవడం మంచిది.

‘రివర్‌డేల్’ గురించి అసలు తెలియనివారి కోసం కొంత నేపథ్యం చెప్పాలి. ఆర్చీ కామిక్స్ పాత్రలను తీసుకుని రాబెర్టో అగీర్రే-సకాసా రూపొందించిన ఈ టీన్ డ్రామా అమెరికాలోని ద సీడబ్ల్యూ ఛానెల్లో 2017 నుంచి 2023 వరకు ఏడు సీజన్లు నడిచింది. కామిక్స్‌లో నవ్వుతూ తుళ్లుతూ ఉండే ఆర్చీ, బెట్టీ, వెరోనికా, జగ్‌హెడ్‌లను ఇక్కడ హత్యలు, ముఠాలు, కుటుంబ రహస్యాలు నిండిన చీకటి పట్టణంలో నిలబెట్టారు. ప్రతి ఎపిసోడ్‌నూ ఒక అధ్యాయంగా లెక్కిస్తారు, ఇది ముప్పై తొమ్మిదో అధ్యాయం. అధ్యాయాల పేర్లలో చాలావరకు పాత సినిమాలవే. మొదటి అధ్యాయానికే 1986 నాటి ‘రివర్స్ ఎడ్జ్’ సినిమాను గుర్తుచేసే పేరు పెట్టారు. అంటే పాత సినిమాల మీద మమకారం ఈ ధారావాహికకు మొదటి రోజు నుంచీ ఉన్నదే.

ఆ మమకారం నటీనటుల ఎంపికలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లల పాత్రలకు కొత్త ముఖాలను తెచ్చుకుని, తల్లిదండ్రుల పాత్రలకు మాత్రం ఒకప్పుడు యువతరానికి ఆరాధ్యులైన నటులను వెతికి పట్టుకున్నారు. ఆర్చీ తండ్రి ఫ్రెడ్‌గా ‘బెవర్లీ హిల్స్ 90210’ ల్యూక్ పెర్రీ, బెట్టీ తల్లి ఆలిస్‌గా ‘ట్విన్ పీక్స్’ మేడ్చెన్ ఏమిక్, జగ్‌హెడ్ తండ్రి ఎఫ్.పి.గా ‘స్క్రీమ్’ స్కీట్ ఉల్రిచ్ నటించారు. ‘ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’లో క్లెయిర్‌గా నటించిన మాలీ రింగ్‌వాల్డ్‌కు ఆర్చీ తల్లి పాత్ర దక్కింది. ఒక తరం ప్రేక్షకులు తమ కౌమారాన్ని గుర్తుచేసుకునే ముఖాలన్నీ ఇక్కడ అమ్మలు, నాన్నలు అయ్యాయి. ఈ ఏర్పాటు చేసిన రోజే ‘ద మిడ్‌నైట్ క్లబ్’ లాంటి ఎపిసోడ్ ఎప్పటికైనా రాక తప్పదని రాసిపెట్టి ఉన్నట్టు నాకు అనిపిస్తుంది.

కథ ఇది. రివర్‌డేల్ పిల్లలు ‘గ్రిఫాన్స్ అండ్ గార్గాయిల్స్’ అనే, ఆడేవారు ఊహా పాత్రల్లోకి ప్రవేశించే ఒక పాత్రధారణ ఆటకు అలవాటుపడి ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. ఈ ఆట గురించి తల్లికి ఏదో తెలుసని బెట్టీ పసిగట్టి నిలదీస్తుంది. ఆలిస్ ఇక దాచలేక, తొంభైల తొలినాళ్లలో తాను చదువుకున్న రోజుల్లోకి వెళుతుంది. అప్పటి ఆలిస్ పట్టణంలో పేదలు ఉండే దక్షిణ భాగం నుంచి వచ్చిన, ఎవరినీ లెక్కచేయని అమ్మాయి. తాను గర్భవతినన్న సంగతిని ఒంటరిగా మోస్తున్న రోజున, పెనెలోపీ అనే సహవిద్యార్థినితో తగువు పడి, శనివారం బడికి వచ్చి కూర్చోవలసిన శిక్షకు గురవుతుంది. ఆ గదిలో ఆమెకు పెనెలోపీతో పాటు ఫ్రెడ్, ఎఫ్.పి., హెర్మయోని, సియెరా తోడవుతారు. మామూలుగా ఒకరి ముఖం ఒకరు చూడని ఆ ఆరుగురూ విసుగుతో ఉపాధ్యాయుల బల్ల సొరుగు వెతికి ఆ ఆటను బయటికి తీస్తారు. అక్కడి నుంచి శనివారపు శిక్ష అర్ధరాత్రి ఆటగా మారి, ఒక మరణంతో, ఆ మరణం గురించి నోరు విప్పకూడదన్న ఒట్టుతో ముగుస్తుంది.

ఈ ఎపిసోడ్‌లోని గొప్ప నిర్ణయం ఆ పాత రోజుల తల్లిదండ్రులను ఎవరు పోషించాలన్నది. పిల్లల పాత్రధారులే తమ తల్లిదండ్రుల యవ్వనాన్ని నటించారు. బెట్టీగా చేసే లిలీ రైన్‌హార్ట్ ఆలిస్ అయింది, ఆర్చీగా చేసే కె.జె. ఆపా ఫ్రెడ్ అయ్యాడు, జగ్‌హెడ్‌గా చేసే కోల్ స్ప్రౌస్ ఎఫ్.పి. అయ్యాడు, వెరోనికాగా చేసే కమీలా మెండెస్ హెర్మయోని అయింది. వెరోనికా తండ్రి హైరమ్ యవ్వనపు పాత్రకైతే, పెద్ద హైరమ్‌గా నటించే మార్క్ కన్సూయెలోస్ సొంత కొడుకు మైకేల్‌నే తీసుకున్నారు. తండ్రీకొడుకులుగా ఒకే నటుడు కనిపించే ద్విపాత్రాభినయం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. అయితే మన సినిమాల్లో ఆ పద్ధతి సాధారణంగా కథానాయకుడి స్థాయిని రెట్టింపు చేయడానికి పనికొస్తే, ఇక్కడ అది కథానాయకుల నుంచి ఒక నమ్మకాన్ని లాక్కోవడానికి పనికొచ్చింది. మా అమ్మలా నేను కాను అని బెట్టీ ఎంత గట్టిగా అనుకున్నా, తల్లి చెప్పే కథలో మనకు కనిపించేది బెట్టీ ముఖమే.

ఈ సంగతిని దగ్గరగా చూడాలంటే కోల్ స్ప్రౌస్‌ను గమనించాలి. జగ్‌హెడ్ అనగానే గుర్తొచ్చేది కిరీటం ఆకారంలో అంచు కత్తిరించిన ఊలు టోపీ. ఒంటరితనం, రచయిత కావాలన్న పట్టుదల, తాగుబోతు తండ్రి మీద కోపం, అన్నీ కలిపి ఆ టోపీలోనే ఉన్నట్టుంటాయి. పాత రోజుల కథలో అదే నటుడు తలమీద టోపీ లేకుండా, బడి క్రీడాకారులు వేసుకునే జాకెట్‌తో, నలుగురి మధ్య దర్జాగా నడిచి వస్తాడు. పేదల వాడ నుంచి వచ్చిన సంగతిని ఆ జాకెట్ కింద దాచుకుని, కొడుకు క్రీడల్లో రాణించి కాలేజీ మెట్లు ఎక్కాలని పట్టుబట్టే తండ్రి చేతి దెబ్బలు భరిస్తున్న కుర్రవాడు అతను. పెద్దయ్యాక ముఠా నాయకుడై, తాగుడుకు బానిసైన ఎఫ్.పి.ని మొదటి రెండు సీజన్లలో చూసినవారికి, ఆ జాకెట్ వేసుకున్న కుర్రవాడి ముఖంలోని వెలుగు చూడగానే గొంతు పట్టేస్తుంది. ఎందుకంటే ఆ వెలుగు నిలవదని మనకు ముందే తెలుసు. ‘ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’లో ఎమీలియో ఎస్టెవెజ్ పోషించిన కుస్తీ ఆటగాడు ఆండ్రూ కూడా తండ్రి ఒత్తిడి కిందే నలుగుతాడు. తేడా ఏమిటంటే, ఆండ్రూ ఆ బరువు దించుకుంటాడేమో అన్న ఆశ సినిమా ముగిసేసరికి మిగిలి ఉంటుంది. ఎఫ్.పి. విషయంలో ఆ ఆశకు చోటు లేదు.

లిలీ రైన్‌హార్ట్ నటన ఈ ఎపిసోడ్‌కు వెన్నెముక. ఆమె మేడ్చెన్ ఏమిక్‌ను అనుకరించలేదు. ఏమిక్ పోషించే పెద్ద ఆలిస్ మాటను కొరికినట్టు పలుకుతుంది, ఎదుటివారు నోరు తెరవకముందే తీర్పు చెప్పేస్తుంది. రైన్‌హార్ట్ ఆ పదునును తీసుకుని, దాని కింద భయం ఎక్కడ ఉందో చూపించింది. తన పరిస్థితిని ఎవరికి చెప్పుకోవాలో తెలియక బడి స్నానాల గదిలో నిలబడిన పిల్ల, ఆ క్షణంలో లోపలికి వచ్చిన మనిషి మీద విరుచుకుపడటం ఎంత సహజమో ఆ సన్నివేశం చూస్తే అర్థమవుతుంది. ఇన్నాళ్లూ కూతుళ్లను అదుపులో పెట్టాలని వేధించే తల్లిగా విసిగించిన ఆలిస్ మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది ఈ ఎపిసోడ్‌తోనే.

ఇక ఆంథొనీ మైకేల్ హాల్ గురించి రాయకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. 1985 సినిమాలో బ్రయాన్ అనే చదువరి కుర్రవాడిగా నటించింది ఇతనే. హ్యూస్‌తో అంతకు ముందు ఏడాది ‘సిక్స్‌టీన్ క్యాండిల్స్’, అదే ఏడాది ‘వియర్డ్ సైన్స్’ కూడా చేసి, ఎనభైల అమెరికన్ సినిమాలో బెరుకుగా ఉండే తెలివైన కుర్రవాడంటే ఇలా ఉంటాడని అందరి మనసుల్లో ముద్ర వేశాడు. బ్రయాన్ శిక్షకు కారణం అతని పుస్తకాల అల్మారాలో దొరికిన సంకేత తుపాకి. చేతిపనుల తరగతిలో తాను చేసిన దీపం వెలగక తప్పినందుకు, మార్కులు తప్ప మరేమీ పట్టని ఇంట్లో ముఖం చూపించలేక, చచ్చిపోవాలనుకుని తెచ్చుకున్న తుపాకి అది. నవ్వించే కుర్రవాడని అనుకున్నవాడు ఆ మాట చెప్పి ఏడ్చినప్పుడు సినిమా మొత్తం బరువు మారిపోతుంది. ఆ రోజు వాళ్లను కాపలా కాసిన ఉప ప్రిన్సిపాల్ వెర్నన్, మీరెవరని మీరు అనుకుంటున్నారో వ్యాసం రాయమని ఐదుగురికీ పని చెబుతాడు. మిగిలిన నలుగురూ ఆ పనిని బ్రయాన్‌కే అప్పగిస్తారు. చివరికి మనకు వినిపించేది అతని గొంతే.

ఆ బ్రయాన్ పాత్రధారిని ‘రివర్‌డేల్’ వారు తెచ్చి ప్రిన్సిపాల్ ఫెదర్‌హెడ్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఒకప్పుడు శిక్ష అనుభవించినవాడు ఇప్పుడు శిక్ష వేస్తున్నాడు. ఇది పాత సినిమా అభిమానులను మురిపించడానికి చేసిన పని మాత్రమే అనుకుంటే పొరపాటు. పెద్దయ్యాక మనం ఏమవుతాం అన్న పిల్లల ప్రశ్నకు, హాల్ ఆ బల్ల అవతల కనిపించిన క్షణంలోనే ఒక్క సంభాషణ కూడా లేకుండా జవాబు వచ్చేసింది. అంతేకాదు, ఫెదర్‌హెడ్‌ను వెర్నన్‌లా కర్కశుడిగా చూపించకపోవడం నాకు చాలా నచ్చింది. ఈ పిల్లలు ఏదో ప్రమాదంలో పడుతున్నారని గ్రహించగల పెద్దమనిషి అతను. చివరికి ఆ ఆటలో విషం తాగి చనిపోయేది కూడా అతనే. ఇదివరకు చావును తప్పించుకున్న కుర్రవాడి ముఖం ఇప్పుడు పిల్లలు దాచిపెట్టే రహస్యంగా మారడం వెనుక ఎంత ఆలోచన ఉందో ఊహించవచ్చు.

పాత సినిమాలో పెద్దల గతం గురించిన చిన్న సూచన ఒకటుంది, చాలామంది గమనించరు. మొదట్లో బడి గోడల మీది వస్తువులను వరుసగా చూపించేటప్పుడు, పూర్వ విద్యార్థుల ఫొటోల్లో ఒకటి కార్ల్ అనే కుర్రవాడిది. ఆ కార్లే ఇప్పుడు బడి నడవాలు ఊడ్చే పనిమనిషి. అతను, వెర్నన్ నేలమాళిగలో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, ఈ పిల్లలే రేపు తనను చూసుకోవలసినవాళ్లన్న తలపు తనను రాత్రుళ్లు నిద్ర లేపుతుందని వెర్నన్ అంటాడు, కార్ల్ దాని మీద ఆశ పెట్టుకోవద్దంటాడు. హ్యూస్ ఆ ఒక్క ఫొటోతో, ఆ ఒక్క సంభాషణతో చెప్పి ముందుకు వెళ్లిపోయిన సంగతిని ‘ద మిడ్‌నైట్ క్లబ్’ దాదాపు 42 నిమిషాల కథగా విస్తరించింది.

రహస్యాలు బయటపెట్టుకునే ఘట్టం పాత సినిమాకు అత్యంత దగ్గరగా నడుస్తుంది. నలుగురి ముందు గొప్పగా కనిపించే ప్రతి ఒక్కరి వెనుకా ఇంట్లో ఒక గాయం ఉంటుంది. పెనెలోపీని అనాథాశ్రమం నుంచి సంపన్నులైన బ్లాసమ్ కుటుంబం తెచ్చి పెంచింది, అయితే ఆ పెంపకం వెనుక ఉద్దేశం ఆమెను ఆ ఇంటి కొడుకుకే భార్యగా తయారుచేయడం. ఆ నిజాన్ని యువ పెనెలోపీగా నటించిన మేడలిన్ పెట్ష్ తడబడకుండా, దాదాపు అప్పజెప్పినట్టు చెబుతుంది. ఆ తడబాటు లేకపోవడమే మనల్ని కలవరపెడుతుంది. అంతవరకు ధారావాహికలో దుష్టురాలిగా మాత్రమే కనిపించిన స్త్రీకి ఆ కొన్ని మాటలతో ఒక బాల్యం ఏర్పడింది. సియెరా, టామ్ అనే సహవిద్యార్థి తమ ప్రేమను దాచుకోవలసి రావడం కూడా ఇక్కడే తెలుస్తుంది. హ్యూస్ సినిమాలోని ఐదుగురూ తెల్లవారే కాబట్టి, ఆ గదిలో నల్లజాతి అమ్మాయికీ, లాటినా అమ్మాయికీ చోటు కల్పించడం అవసరమైన సవరణ. కానీ సియెరాకు, హెర్మయోనికి దక్కిన సమయం మరీ తక్కువ. వాళ్ల రహస్యాలు విన్నాం అనుకునేలోపే కథ ముందుకు దూకేసింది.

ఇంకో సవరణ గొంతుకు సంబంధించినది, నా దృష్టిలో ఇదే పెద్దది. పాత సినిమాలో చివరి మాట అబ్బాయిది. క్లెయిర్‌ను బెండర్ అనే తోటి కుర్రవాడు రోజంతా వేధించినా చివరికి ఆమె అతనికి దగ్గరవుతుంది. ఎవరితోనూ కలవని ఆలిసన్‌ను ముస్తాబు చేసి అందంగా మార్చాకే ఆండ్రూ కళ్లు ఆమె మీద పడతాయి. ఈ సంగతులు ఇప్పుడు చూస్తే ఇబ్బంది కలిగిస్తాయి. మాలీ రింగ్‌వాల్డ్ స్వయంగా 2018 ఏప్రిల్‌లో ‘ద న్యూయార్కర్’ పత్రికలో ఒక వ్యాసం రాసి, తన కూతురితో కలిసి ఆ సినిమా మళ్లీ చూసినప్పుడు కలిగిన సందేహాలను దాచకుండా చెప్పింది. అందులో ఆమె ఆ సినిమాను తిరస్కరించలేదు, ప్రేమిస్తూనే ప్రశ్నించింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఈ ఎపిసోడ్‌లో కథ మొత్తం ఒక తల్లి తన కూతురికి చెబుతున్నదే. ఎవరి చూపు నుంచి చూడాలో నిర్ణయించేది ఆలిస్. చక్కని బట్టలు కట్టించి ఆమెను మార్చేవారెవరూ లేరు. పద్ధతైన గృహిణిగా తర్వాత ఆమె మారిన మాట నిజమే కానీ, ఆ మార్పు వెనుక ఉన్నది ప్రేమ కాదు, భయం అని ఆమె నోటనే వింటాం.

ఎనభైల సినిమా అంటే హ్యూస్ ఒక్కడే కాదని ఈ ఎపిసోడ్‌కు తెలుసు. గ్రిఫాన్స్ అండ్ గార్గాయిల్స్ అనే ఆట 1974లో వచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’కు నీడ. ఆ అసలు ఆట ఎనభైల అమెరికాలో ఎంత ఆదరణ పొందిందో అంత అనుమానానికీ గురైంది. పిల్లలు ఊహా లోకంలో మునిగి మతి తప్పుతారని, చేతబడికి, సైతాను పూజకు అలవాటుపడతారని కొందరు తల్లిదండ్రులు, మతసంఘాలవారు నిజంగానే భయపడ్డారు. ఆ భయం మీదే 1982లో ‘మేజెస్ అండ్ మాన్‌స్టర్స్’ అనే టీవీ సినిమా వచ్చింది, అందులో ఆటకూ నిజానికీ మధ్య గీత చెరిగిపోయిన విద్యార్థిగా యువ నటుడు టామ్ హ్యాంక్స్ నటించాడు. ‘ద మిడ్‌నైట్ క్లబ్’లో ఆటగాళ్లు అంగీలు తొడుక్కుని చీకటి నడవాల్లో తిరగడం, క్రమంగా ఆట పాత్రే తమ అసలు స్వరూపమని నమ్మడం ఆ సినిమా నాటి భయాన్ని తిరిగి తెస్తాయి. అయితే ఆ భయం అపోహ అని కాలం తేల్చిన తర్వాత కూడా, ఈ కథ దాన్ని నిజం చేసి చూపించడం నాకు కొంత అసంతృప్తి కలిగించింది. ఊహను పంచుకునే ఆటలు ఒంటరి పిల్లలకు స్నేహితులను ఇచ్చిన సంగతి ఈ ఎపిసోడ్‌లో కొన్ని క్షణాలపాటు మాత్రమే మెరిసి మాయమవుతుంది.

నేను ఈ ఎపిసోడ్‌ను రెండోసారి చూసినప్పుడు గుర్తొచ్చిన మరో సినిమా 1984లో వెస్ క్రేవన్ తీసిన ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’. ఆ కథలో ఊరి తల్లిదండ్రులందరూ కలిసి, చట్టం నుంచి తప్పించుకున్న ఒక హంతకుణ్ణి తగలబెట్టి చంపి, ఆ సంగతిని దాచిపెడతారు. ఏళ్ల తర్వాత ఆ దాపరికానికి మూల్యం చెల్లించేది వాళ్ల పిల్లలు. నాన్సీ అనే అమ్మాయిని ఆమె తల్లి నేలమాళిగలోకి తీసుకెళ్లి, అక్కడ దాచిన హంతకుడి చేతి తొడుగును చూపించి నిజం చెప్పే సన్నివేశం ఆ సినిమాకు కీలకం. ఆలిస్ బెట్టీని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పే కథకు మూలబంధువు నాకు అక్కడే కనిపించింది. శనివారపు శిక్ష అనే చట్రం హ్యూస్‌ది కావచ్చు కానీ, పెద్దలు ఒట్టు పెట్టుకుని పూడ్చిపెట్టినది పిల్లల కాళ్ల కింద మళ్లీ మొలవడం మాత్రం క్రేవన్ దారి. ఒకే రోజు కలిసి కూర్చున్న పిల్లలు స్నేహితులవుతారన్న ఆశను, అదే పిల్లలు పెద్దలై తమ సంతానానికి అబద్ధాలు చెబుతారన్న భయాన్ని ఒకే కథలో కుట్టడం సాహసమే.

ఆ కుట్టు బిగువు సడలింది చివరి మూడో వంతులో. ఆటలో అర్ధరాత్రి ‘ఆరోహణ’ ఘట్టం మొదలయ్యాక, ఎవరు పిలిచారో తెలియని ఆహ్వానాలు, విషపు పాత్రలు, కొమ్ముల తలతో నీడలా కనిపించే ఆకారం, ప్రిన్సిపాల్ మాయమవడం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అంతకు ముందు ఒకరి మాట ఒకరు వినడానికి దొరికిన తీరిక ఇక్కడ ఎవరికీ దొరకదు. ఫ్రెడ్ ఆ రాత్రి ఆటలో ఉండగానే అతని తండ్రి ఇంట్లో కన్నుమూస్తాడు. ఒక మనిషి జీవితాంతం మోయవలసిన బరువు అది. దాన్ని అక్కడ ఆగి చూపించి ఉంటే మిగిలిన హడావిడి మొత్తం అక్కర్లేకపోయేది. కానీ ఎపిసోడ్ దాన్ని ఒక వార్తలా అందించి, శవం చుట్టూ ఉన్న మర్మం వైపు పరుగెత్తింది.

దీనికంటే లోతైన అభ్యంతరం నాకు ఇంకొకటి ఉంది. ఈ ఆరుగురు ఎందుకు విడిపోయారు, ఎందుకు చేదెక్కిన పెద్దలయ్యారు అన్నదానికి కథ చూపించే కారణం ఒక హత్య. సోమవారం వాళ్లు పలకరించుకోకపోవడానికి కారణం ఒక ఒట్టు. క్లెయిర్ చెప్పిన జవాబులో ఇంతకంటే చేదు నిజం ఉంది. తోటి స్నేహితులు నవ్వుతారన్న మామూలు పిరికితనం చాలు, ఎవరూ చావక్కర్లేదు. తల్లిదండ్రుల్లా తయారవడానికి కూడా మర్మాలు అక్కర్లేదు. బాకీలు, ఉద్యోగాలు, అలసట, చెప్పకుండా వాయిదా వేసిన మాటలు ఆ పని చేస్తాయి. ‘ద మిడ్‌నైట్ క్లబ్’ సరైన ప్రశ్నను ఎత్తుకుని, దానికి తేలికైన జవాబు చెప్పిందని నా అభిప్రాయం. అయినా ఎఫ్.పి. తండ్రి దెబ్బల్లోనూ, పెనెలోపీ పెంపకంలోనూ ఆ కష్టమైన జవాబు కూడా పక్కనే ఉంది కాబట్టి, వెతుక్కునే ప్రేక్షకుడికి దొరుకుతుంది.

టీన్ డ్రామాలో ‘ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’కు నివాళి పలకడం ఇదే మొదలు కాదు. ‘డాసన్స్ క్రీక్’ మొదటి సీజన్‌లో 1998లో వచ్చిన ‘డిటెన్షన్’ ఎపిసోడ్ డాసన్, జోయీ, పేసీ, జెన్‌లను ఆబీ అనే కొత్త అమ్మాయితో సహా శనివారం గ్రంథాలయంలో కూర్చోబెట్టింది. అది ప్రసారమైన ద డబ్ల్యూబీ ఛానెల్ 2006లో మూతబడి, దాని వారసత్వంలోనే ద సీడబ్ల్యూ పుట్టింది. అంటే ఒకే ఇంటి రెండు తరాలు ఇరవై ఏళ్ల తేడాతో ఒకే సినిమాకు నమస్కరించాయన్నమాట. ‘డిటెన్షన్’లో పాత్రలు తాము ఆ సినిమాలో లాంటి పరిస్థితిలో ఉన్నామని పైకే అంటాయి. ఎమీలియో ఎస్టెవెజ్‌తో ‘ద మైటీ డక్స్’లో కలిసి నటించిన జాషువా జాక్సన్ పేసీగా ఉంటూ ఆ బాతుల సినిమాల గురించి మెచ్చుకోలుగా మాట్లాడటం అందులో అందరికీ గుర్తుండిపోయిన ముచ్చట. ఆ ఎపిసోడ్ బలం దాని నిరాడంబరత. ఒక గది, ఒక రోజు, నలుగురైదుగురు పిల్లలు, చెప్పలేక దాచుకున్న మాటలు, అంతకు మించి ఏమీ లేదు. నడకలో పట్టు దానిదే ఎక్కువ. ఆలోచనలో పెద్దది మాత్రం ‘ద మిడ్‌నైట్ క్లబ్’. అది పాత సినిమాను మళ్లీ నడిపించడంతో ఆగకుండా, దాని తర్వాతి ముప్పై ఏళ్లను ఊహించింది.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌ను చూసేవారికి మరో బాధ కూడా తోడవుతుంది. ల్యూక్ పెర్రీ 2019 మార్చి 4న, 52 ఏళ్ల వయసులో మరణించాడు. ఎపిసోడ్ ప్రసారమై అప్పటికి నాలుగు నెలలు మాత్రమే. ఆర్చీ పాత్రధారి ఫ్రెడ్ అయి, సంగీతం మీద ప్రేమతో, జబ్బుపడిన తండ్రి మీద దిగులుతో తిరిగే దృశ్యాలను ఆ తర్వాత చూసినప్పుడు, ఒక నటుడు తన తెర తండ్రికి తెలియకుండానే అర్పించిన నివాళిలా నాకు తోచాయి. తండ్రి చివరి ఘడియల్లో పక్కన లేకపోయిన కొడుకు ఫ్రెడ్ అన్న సంగతి అప్పుడు మరింత గుచ్చుకుంటుంది.

దీన్ని విడిగా చూడవచ్చా అని అడిగేవారికి చూడవచ్చనే చెబుతాను. ధారావాహిక మొత్తం తెలియకపోయినా, ఎవరు ఎవరి తల్లో తండ్రో తెలిస్తే చాలు, ఇందులోని గతం ఒక పూర్తి కథగా నిలబడుతుంది. వీలైతే ముందుగా 97 నిమిషాల ‘ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’ చూసి, ఒక రోజు ఆగి దీన్ని చూడండి. బ్రయాన్ ముఖం మనసులో ఇంకా తాజాగా ఉండగా ఫెదర్‌హెడ్‌ను చూడటంలోనే దీని రుచి ఉంది. విషప్రయోగం, మరణం, పిల్లల మీద దెబ్బలు కథలో ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలతో కలిసి చూడదగినది కాదు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు వాళ్లతో కలిసి చూస్తే మాత్రం, చూసిన తర్వాత మాట్లాడుకోవడానికి చాలా మిగులుతుంది.

ముగింపు గురించి ఒక్క మాట. తల్లి కథ విన్న బెట్టీ, ఆ ఆట ఎంత ప్రమాదమో చెప్పి ఆపాలని జగ్‌హెడ్ దగ్గరకు పరుగెత్తుతుంది. ఆమె నేలమాళిగలోకి దిగేసరికి అతను తోటి కుర్రాళ్లతో అదే ఆట ఆడుతూ, అందులో పూర్తిగా లీనమై ఉంటాడు. కొద్దిసేపటి కిందట అంగీ తొడుక్కుని అదే ఆటలో మునిగిన ఎఫ్.పి.ని మనం చూసి ఉన్నాం. ఆ ముఖం, ఈ ముఖం ఒకటే. బెట్టీ చెప్పాలనుకున్న మాట ఇంకా ఆమె నోట్లోనే ఉంది.